పొద్దుటి మొదటి బ్రేకు

నాంచారయ్యకి ఒకటే బాధ. పని చేసేది తను, పేరు మాత్రం ఉస్తాద్‌ది.

తొమ్మిదేళ్ళుగా బుడే సాహెబ్ షెడ్డులో బ్రేకుల పని చేస్తున్నాడు. కారు కింద దూరి, ప్యాడ్లు మార్చి, బ్రేక్ ఆయిల్ పోసి, పైపుల్లో గాలి తీసి, చక్రాలు బిగించి, చేతులు తుడుచుకుని తాళం ఇవ్వబోతాడు. కారాయన తాళం అందుకోడు. షెడ్డు లోపలికి తొంగిచూస్తాడు.

"సాయిబు గారు చూశారా?" అంటాడు.

బుడే సాహెబ్ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి, సీట్లో కూర్చుని, పెడల్ ఒక్కసారి తొక్కి, "బాగుంది, తీసుకెళ్ళండి" అంటాడు. ఆ ఒక్క తొక్కుడికి కారాయన మొహం విచ్చుకుంటుంది. పొద్దున్నుంచీ కారు కింద పడుకున్న నాంచారయ్య మొహం మాడిపోతుంది.

ఇవన్నీ నేను కళ్ళారా చూసినవే. ఆ షెడ్డుకి ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల కొట్టు నాది. మా బెజవాడ ఆటోనగర్ గురించి గొప్పలు చెప్పుకునే రోగం ఒకటుంది నాకు, అది తగ్గాలని కూడా నాకు లేదు. పొద్దున లారీ ఇంజను విప్పి గోనెపట్టా మీద పరిచి, చీకటి పడేలోగా మళ్ళీ కూర్చి స్టార్ట్ చేసే మనుషులున్నారు మా రోడ్డులో. అలాంటి వాళ్ళు కూడా తమ సొంత బండికి బ్రేకు సమస్య వస్తే బుడే సాహెబ్ దగ్గరికే తోసుకొస్తారు. ఆయన షెడ్డుకి బోర్డు లేదు. ఉండాల్సిన అవసరమూ ఎప్పుడూ కనబడలేదు.

ఒకరోజు నాంచారయ్య ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, నా పని మీద మీకు నమ్మకం లేదా?"

"ఉందిగా."

"మరి ప్రతిసారీ తొక్కి చూస్తారెందుకు?"

"వాళ్ళు అడుగుతున్నారు, చూస్తున్నా."

"వాళ్ళు అడక్కుండా ఉండాలంటే నేనేం చెయ్యాలి?"

బుడే సాహెబ్ గోనెపట్టా కింద పరిచాడు. "అది నేను చెప్తే వచ్చేది కాదు" అని ఒక వ్యాను కిందకి దూరిపోయాడు. నాంచారయ్య పానా విసిరికొట్టలేదుగానీ, పెట్టాల్సిన దానికంటే గట్టిగానే కింద పెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి డాక్టర్ హైమవతి గారొచ్చారు.

ఆవిడ మత్తు డాక్టరు. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది, కారు దగ్గర మాత్రం నెమ్మది లేదు. చిన్న ఎర్ర కారు ఆవిడది. ఏడాదికి రెండుసార్లు మద్రాసు అవతలున్న రేసు ట్రాక్‌కి తీసుకెళ్తుంది. అక్కడ ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, ఎవరి సరదా వాళ్ళు తీర్చుకుంటారు, గెలిచినవాళ్ళకి కప్పు కూడా ఇస్తారు. మిగతా రోజుల్లో ఆ కారే ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి బెంజి సర్కిల్ మీదుగా ఇంటికి తిరుగుతుంది. ఆపరేషన్ అని ఫోనొస్తే తెల్లవారకముందే బయల్దేరాలి.

"ఏడో చుట్టుకి బ్రేకు చచ్చిపోయింది సాయిబు గారూ," అంది ఆవిడ. "పెడల్ నేల దాకా పోయింది. ఎలాగో ట్రాక్ పక్కనున్న ఇసకలోకి తిప్పి బతికి బయటపడ్డాను. ప్యాడ్లూ డిస్కులూ అన్నీ మార్చేద్దాం. ఏవి వెయ్యమంటారు?"

బుడే సాహెబ్ నాంచారయ్య వైపు చూశాడు. "ఏవి వెయ్యాలో వీడు చెప్తాడమ్మా," అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. నాంచారయ్య ఒక జానెడు పొడుగు పెరగడం ఇక్కణ్ణుంచి నాకే కనబడింది.

పదిరోజులు ఫోన్‌లో తల పెట్టి కూర్చున్నాడు. ఏ దేశంలో ఎవరు ఏ ప్యాడ్లు వాడుతున్నారో, ఏ డిస్కు ఎంత వేడికి ఎర్రబడుతుందో అంతా చూశాడు. పదకొండో రోజు నా కొట్టుకొచ్చి కాగితం ముందు పెట్టాడు. అసలు సిసలు రేసు ప్యాడ్లు. ఒళ్ళంతా చిల్లులున్న మెరిసే డిస్కులు.

"రోడ్డు మీద తిరిగే బండి కదరా," అన్నాను. "చిల్లుల్లేని డిస్కులు వేసుకో. ప్యాడ్లు కూడా రోడ్డువే, కాస్త వేడి తట్టుకునే రకాలున్నాయి నా దగ్గర."

"అవి రిటైరైన వాళ్ళ కార్లకి బాబాయ్. ఈ డిస్కులు చూడు, చక్రం సందుల్లోంచి కనబడుతుంటే ఎలా ఉంటుందో."

నేను వ్యాపారస్తుణ్ణి. అడిగింది తెప్పించి ఇవ్వడం నా పని. తెప్పించాను.

ప్యాడ్ల పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాసుంది. రెండు వందల డిగ్రీల వేడి దాటాకే ఇవి సరిగ్గా పట్టుకుంటాయని. నాంచారయ్య అది చదివాడు. చదవడం నేను చూశాను. అందుకే బిగించాక డాక్టరమ్మకి మరీ మరీ చెప్పి పంపాడు.

"ట్రాక్ ఎక్కగానే తొందరపడొద్దమ్మా. రెండు చుట్లు బ్రేకు తొక్కుతూ వేడెక్కించండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆవిడ అలాగే చేసింది. మలుపు దగ్గర మిగతా వాళ్ళంతా ముందే బ్రేకు తొక్కుతుంటే, ఈవిడ ఇంకా లోపలికి పోయి తొక్కి, పదిమందిని దాటేసింది. కప్పుతో తిరిగొచ్చింది. కప్పు తెచ్చి నాంచారయ్య చేతిలో పెట్టి, "ఇది నీది," అంది.

ఆ రోజు మా రోడ్డంతా పూతరేకులు తిన్నాం. నిజం చెప్పాలంటే నాకూ ఛాతీ ఉప్పొంగింది. మద్రాసు వాళ్ళ కార్లని మా ఆటోనగర్ బ్రేకు దాటేసిందంటే ఊరికే ఉండగలనా, వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. వారం తిరక్కుండా గుంటూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, "కప్పు కొట్టిన మేస్త్రీ ఎవరండీ?" అని అడిగారు. బుడే సాహెబ్ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వాళ్ళు ఆయన వైపు చూడనే లేదు. మాకూ అవే ప్యాడ్లు కావాలని చెప్పి, అడ్వాన్సు ఇచ్చి పోయారు.

నాంచారయ్య నడక మారింది. మాట మారింది. రేసు బ్రేకు గురించి టీ కొట్టు దగ్గర ఉపన్యాసాలు మొదలయ్యాయి.

"ఉస్తాద్," అన్నాడొక రోజు, "ఇక బ్రేకుల సంగతి నాకొదిలెయ్యండి. మీరు కూర్చుని టీ తాగండి."

"మంచిదేగా," అన్నాడు బుడే సాహెబ్.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది, ఆసుపత్రి నుంచి ఇంటికి పోతూ.

"చిన్న విషయం నాంచారయ్యా. పొద్దున్నే బండి తీసినప్పుడు మా అపార్టుమెంటు గేటు దగ్గర కొంచెం జారుతోంది. నిన్న వాచ్‌మన్ పక్కకి గెంతాడు. ఇంకా గట్టిగా తొక్కితే ఆగింది. నా కాలే సరిగ్గా పడలేదేమో."

నాంచారయ్య నవ్వాడు. "రేసు బ్రేకులంటే అంతేనమ్మా. మీకే అలవాటైపోతుంది."

ఆవిడ తలూపింది. పేషెంటు ఆవిడ మాట ఎలా నమ్ముతాడో, ఆవిడ మేస్త్రీ మాట అలాగే నమ్మింది.

షెడ్డులో ఒక మూల బుడే సాహెబ్ కిరసనాయిలు గిన్నెలో ఏదో కడుగుతున్నాడు. ఆయన చేతులు ఆగిపోయాయి. లేచి బయటికొచ్చాడు.

"అమ్మా, ఇవాళ బండి ఇక్కడే ఉంచండి. నేను ఆటో పిలుస్తా. రేపు మాట్లాడదాం."

నాంచారయ్యకి అర్థం కాలేదు. నాకు కొంచెం అర్థమైంది, కానీ నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి నేను కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. డిసెంబరు మంచు. ఎదురు షెడ్డు కూడా సరిగ్గా కనబడటం లేదు. బుడే సాహెబ్ సుద్దముక్కతో రోడ్డుకి అడ్డంగా ఒక గీత గీశాడు. నా కొట్టు ముందున్న ప్లాస్టిక్ స్టూలు అడక్కుండానే తీసుకెళ్ళి, గీతకి రెండడుగుల అవతల వేశాడు. టీ గ్లాసు పట్టుకుని దాని మీద కూర్చున్నాడు, కారు వచ్చే వైపు వీపు పెట్టి.

"నాంచారీ, బండి ఆ చివరికి తీసుకెళ్ళు," అన్నాడు. "అక్కణ్ణుంచి నలభై మీద రా. గీత మీద ఆపు."

"నలభై ఏంటి ఉస్తాద్, ఎనభై మీద ఆపుతా."

"నలభై చాలు."

నాంచారయ్య హుషారుగా కారెక్కాడు. ఎర్ర కారు మంచులోకి పోయింది. రోడ్డు చివర్లో తిరిగి మా వైపు మొహం పెట్టింది. లైట్లు కనబడుతున్నాయి, ఇంజను చప్పుడు వినబడుతోంది. ఇదిగో వస్తుంది అనుకున్నాను. రాలేదు. ఇంజను ఒకసారి లేచింది, మళ్ళీ తగ్గింది. నేను షట్టరు సగంలో వదిలేసి నిలబడిపోయాను. బుడే సాహెబ్ టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

చివరికి నాంచారయ్య కారు అక్కడే వదిలి నడిచి వచ్చాడు.

"ఉస్తాద్."

"ఊఁ."

"డిస్కులు మంచుకి తడిసున్నాయి. ఒక్క రౌండు కొట్టి, నాలుగుసార్లు తొక్కి, వేడి చేసుకొస్తా."

"చేసుకురా."

నాంచారయ్య గట్టెక్కినట్టు ఊపిరి వదిలి, వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. బుడే సాహెబ్ తల కూడా తిప్పలేదు.

"వేడెక్కేదాకా నేను కూర్చునే ఉంటా," అన్నాడు. "రోడ్డు దాటేవాళ్ళకి కూడా ఓ మాట చెప్పిరా, అప్పటిదాకా ఆగమని."

నాంచారయ్య ఆగిపోయాడు.

గేరుబాక్సు ఒక్కడే గుండెల మీద పెట్టుకుని ఎత్తి బిగించే మనిషి వాడు. ఆ పొద్దున వాడి చేతిలో కారు తాళం కూడా బరువైపోయింది. ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. పాల వ్యాను ఒకటి మమ్మల్ని చుట్టుకుని పోయింది. వాడు కదల్లేదు.

"లేవండి ఉస్తాద్," అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"లేవండి."

బుడే సాహెబ్ లేచాడు. గ్లాసు పట్టుకుని షెడ్డులోకి పోయాడు. స్టూలు అక్కడే వదిలేశాడు.

నాంచారయ్య అంతటితో ఊరుకోవచ్చు. తెలిసిపోయింది కదా. కానీ వాడు రోడ్డు చివరిదాకా మళ్ళీ నడిచాడు, కారెక్కాడు, నలభై మీద వచ్చాడు. తన పని ఏమిటో తన కళ్ళతో చూడాలనుకున్నాడు. అది అందరి వల్లా కాదు. వాణ్ణి తల్చుకుని గర్వపడటం నేను అక్కడ మొదలుపెట్టాను, కప్పు దగ్గర కాదు.

గీత ఇంకా రెండు కార్ల దూరం ఉండగానే బ్రేకు తొక్కాడు. కారు ముక్కు కిందకి వంగలేదు. గీత దాటింది. స్టూలుని గుద్ది, నాలుగడుగులు ఈడ్చుకుపోయి ఆగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. స్టూలు కాలు ఒకటి విరిగింది, అంతే. నాంచారయ్య రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి ఆ స్టూలు వైపే చూస్తూ ఉండిపోయాడు.

కారు షెడ్డులోకి తెచ్చి, జాకీ పెట్టి, చక్రాలు విప్పాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"బాబాయ్, ఆ టార్చి పట్టుకో."

డిస్కు మీద చిల్లుల చుట్టూ వెంట్రుకంత సన్నని పగుళ్ళు. వేలిగోరుతో గీరితే తగులుతున్నాయి. ఒకచోట పగులు ఒక చిల్లు నుంచి పక్క చిల్లు దాకా పాకింది. ట్రాక్ మీద అంత వేడెక్కి చల్లారిన ఇనుము అది. చిల్లు పడ్డచోటే ముందు విచ్చుతుంది.

"మార్చేసి ఊరుకోరా," అన్నాను మెల్లగా. "ఆవిడకి చెప్పడం ఎందుకు? గుంటూరు వాళ్ళు కూడా పదింటికి వస్తామన్నారు."

నాంచారయ్య నా వైపు చూశాడు. నా చేతిలో టార్చి తీసుకుని పక్కన పెట్టాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

పదింటికి గుంటూరు కుర్రాళ్ళు రానే వచ్చారు. వాళ్ళు వింటుండగానే, షెడ్డు మధ్యలో నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, తప్పు నాది. మీ కాలు సరిగ్గానే పడింది. ఆ ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవు. నాకు ముందే తెలుసు, పెట్టె మీదే ఉంది. ట్రాక్ మీద వేడి చేసుకోమని చెప్పాను గానీ, మీ గేటు దగ్గర సంగతి ఆలోచించలేదు. పైగా అలవాటైపోతుందన్నాను. డిస్కులు కూడా పగుళ్ళిచ్చాయి."

ఫోన్ స్పీకర్‌లో ఉంది, మేమందరం వింటున్నాం.

"మా వాచ్‌మన్‌కి ఇద్దరు పిల్లలు నాంచారయ్యా," అంది ఆవిడ.

"అవునమ్మా."

"ఇప్పుడేం చేద్దాం?"

"చిల్లుల్లేని డిస్కులు వేస్తాను. చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టే ప్యాడ్లు వేస్తాను, అవి కాస్త వేడి తట్టుకుంటాయి. మొదట మీ పెడల్ నేలకి పోయింది ప్యాడ్ల వల్ల ఒక్కటే కాదు, పాత బ్రేక్ ఆయిల్ మరిగిపోయి. అది కూడా ఎక్కువ వేడికి ఆగే రకం పోస్తాను. ట్రాక్‌కి వెళ్ళేముందు ప్రతిసారీ మార్చుకోవాలి. అక్కడ నాలుగు చుట్లు తిరిగాక ఒక చుట్టు నెమ్మదిగా పోయి చల్లార్చుకోండి. అయితే..."

"ఏంటి?"

"కప్పు రాదమ్మా."

"సరే. వెయ్యి," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. కోపం వచ్చిందో లేదో గొంతులో తెలియలేదు.

గుంటూరు కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ వస్తామన్నారు. అడ్వాన్సు తిరిగి తీసుకుని పోయారు. కప్పు కొట్టిన మేస్త్రీ అన్న పేరు ఆ పూటతో సరి. నాంచారయ్య వాళ్ళ బండి రోడ్డు మలుపు తిరిగేదాకా చూసి, పానా అందుకున్నాడు.

ఆ రోజంతా వాడు తల ఎత్తలేదు. సాయంత్రం కారు బైపాస్ రోడ్డుకి తీసుకెళ్ళి, వేగం పెంచడం, పూర్తిగా ఆపకుండా తగ్గించడం, మళ్ళీ పెంచడం, ఇలా ముప్పైసార్లు చేశాడు. కొత్త చెప్పు కాలికి కుదురుకున్నట్టు కొత్త ప్యాడు కూడా డిస్కుతో కుదురుకోవాలి. తిరిగొచ్చి కారుని షెడ్డులో పెట్టలేదు. కావాలనే బయట, మంచు పడేచోట వదిలి ఇంటికి పోయాడు.

పొద్దున నేను వచ్చేసరికి వాడు అప్పటికే రోడ్డు చివర కారులో ఉన్నాడు. గీత తనే గీసుకున్నాడు. అద్దాల మీద మంచు నీళ్ళు కారుతున్నాయి. నలభై మీద వచ్చి అదే దూరంలో తొక్కాడు. కారు ముక్కు వంగింది. ముందు చక్రాలు గీత మీద నిలబడ్డాయి. రెండోసారి చూడలేదు. మొదటి బ్రేకు ఒక్కసారే ఉంటుంది, రెండోది అప్పటికే వెచ్చబడ్డది.

ఎవరైనా చూశారా అని వాడు చుట్టూ చూడలేదు. కారు పక్కకి పెట్టి, దిగి, చక్రాల బోల్టులు మరొకసారి బిగించి చూసుకుని చేతులు కడుక్కున్నాడు. బుడే సాహెబ్ అప్పుడే వచ్చి ఆయిల్ డబ్బా మీద కూర్చుని టీ తెప్పించుకున్నాడు. నాంచారయ్యని ఒక్క మాట అడగలేదు.

ఎనిమిదింటికి డాక్టరమ్మ ఆటో దిగింది. మొహం కొంచెం బిగుసుకునే ఉంది. ఉండదా మరి. నాంచారయ్య తాళం చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు, ఇస్తున్నట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు. మొన్నటిదాకా ఉన్న పొగరు ఆ చేతిలో లేదు. వెన్ను మాత్రం నిటారుగా ఉంది.

ఆవిడ తాళం వైపు చూసింది. వాడి వైపు చూసింది. ఆ తర్వాత, ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు, లోపలికి చూసింది.

"సాయిబు గారూ, ఈసారి మీరు చూశారుగా?"

నాంచారయ్య తల దించుకోలేదు. లేచి వస్తాడని ఉస్తాద్ వైపూ చూడలేదు.

బుడే సాహెబ్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"నేను చూళ్ళేదమ్మా," అన్నాడు. "వాడు చూశాడు."